పెద్దల అమావాస్యకు ఒక ఫోటో

మా అనంతపురంలో వానలు పడవు గానీ అద్దాల మేడలు మాత్రం ఏడాదికి నాలుగు లేస్తాయి. బైపాస్ రోడ్డు పొడుగునా చూడండి, బట్టల షోరూములు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్ళు, అన్నింటికీ ముందు వైపు నీలం గాజే. మా ఎండలకు లోపల కూర్చున్నవాళ్ళు ఉడికిపోతారని ఓనర్లకు తెలుసు. అయినా గాజే కావాలంటారు. ఆ గాజును అందంగా ఫోటో తీసి ఇవ్వడం నా పని.

నా పేరు హేమలత. పాతూరులో మా నాయన పెట్టిన స్టూడియో నడుపుతున్నాను. యాభై నాలుగేళ్ళొచ్చాయి, మోకాళ్ళు అరిగిపోయాయి, పెళ్ళిళ్ళు తియ్యడం ఎప్పుడో మానేశాను. కట్టడాలే నయం. అవి రెప్పలు వెయ్యవు, మేనత్త రాలేదని అలగవు.

గాజును తియ్యడంలో ఒక కిటుకు ఉంది. పగలంతా అది అద్దం, ఎదురుగా ఉన్నదే చూపిస్తుంది. రోడ్డు, కరెంటు స్తంభాలు, వెనకాల బోడిగుట్ట. చీకటి పడ్డాక కిటికీ అయిపోతుంది, లోపలిదే చూపిస్తుంది. పొద్దుగూకాక ఓ ఇరవై నిమిషాలు మాత్రం రెండూ కలిసి కనిపిస్తాయి. బయటి గుట్టా, లోపలి మెట్లూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఆ ఇరవై నిమిషాల కోసమే నేను రోజంతా కాచుకుని కూర్చుంటాను. లోపల లైట్లు వెయ్యడానికి మా ఆయన శ్రీనివాసులు వస్తారు. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. బస్సు నిండా జనాన్ని అదిలించిన మనిషి ఇప్పుడు నేను చెయ్యి ఊపితే స్విచ్చి వేస్తున్నారు. ముప్పై రెండేళ్ళ కాపురంలో నాకు దక్కిన పెత్తనం అదొక్కటే.

ఆ రోజు పుల్లన్న అనే ఆయన కట్టిన కొత్త మేడ తీస్తున్నాం. అయిదంతస్తులు. దుమ్ము గాలికి మూడు సాయంత్రాలు వృథా అయ్యాయి. నాలుగో రోజు గాలి ఆగింది. ట్యాంకరు తెప్పించి గాజంతా కడిగించారు. తడిసిన ఎర్రమన్ను వాసనా, సబ్బు వాసనా కలిసి ముక్కుకు కొడుతున్నాయి. నేను ఒక పక్కగా స్టాండు నిలబెట్టుకున్నాను. గాజుకు ఎదురుగా నిలబడితే మన బొమ్మే పడుతుంది. నా బొమ్మ చూసుకునే సరదా నాకు ఎప్పుడో తీరిపోయింది.

కెమెరాలో చూస్తే గాజు నడిమధ్యన ఒక ఆడమనిషి కనిపించింది. అవతలి చివర కంకర కుప్ప దగ్గర నిలబడి ఉంది. ఆమె బొమ్మ సరిగ్గా నా ఫోటోలోకే వచ్చి పడుతోంది. మోకాళ్ళను తిట్టుకుంటూ అక్కడి దాకా నడిచాను.

"ఏమ్మా, పక్కకు జరుగు. ఫోటోలో పడతాండావు."

ఆమె జరగలేదు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. ఎండకు కమిలిన మొహం, ఖాళీ నుదురు.

"ఫోటోల మేడమ్ మీరే కదమ్మా? మా ఆయప్పది ఒగ ఫోటో తీసియ్యల్ల."

"యాడున్నాడు మీ ఆయప్ప?"

"సచ్చిపోయినాడు."

పేరు హనుమంతమ్మట. కుందుర్పి పక్క పల్లె. మొగుడు తిప్పేష్ ఈ మేడకే గాజు బిగించే పనిలో చేరి, ఉగాది నెలలో మూడో అంతస్తు నుంచి పలకతో సహా పడిపోయాడు. అలాంటి మనిషెవడూ తన దగ్గర పని చెయ్యలేదని పుల్లన్న తేల్చేశాడు. ఇంట్లో ఉన్న పెళ్ళి ఫోటోను చెదలు తినేశాయి. ఆధార్ కార్డు మీద ఉన్నది ఒట్టి నల్లమచ్చ.

"నాలుగు దినాల్లో పెద్దల అమావాస్య. ఆయప్పకు పెట్టుకోవల్ల. ఫోటో ల్యాకపోతే ఎవురికని పెట్టేది? ఆర్నెల్లే అయింది గానీ, మొగం మర్సిపోతాండానమ్మా. కండ్లు మూస్తే చొక్కా కనపడతాది, మొగం కనపడదు."

"సచ్చిపోయినాయన్ను నేనెట్ల తీసేదమ్మా?"

"ఈ యాళప్పుడు ఆ గాజులో అగపడతాడు. నా పక్కనే నిలబడుకోనుంటాడు. ఈడ తిరిగి చూస్తే ఉండడు. ఆడ ఉంటాడు. టౌన్లోనే ఉండుకోని దినామూ వచ్చి చూసుకోని పోతాండా."

దుఃఖం మనిషికి ఏమైనా చూపిస్తుంది. జాలిపడాల్సిన మాటే. కానీ నాకు ఆ ఓపిక కూడా లేదు. వెలుతురు పోతోంది. "సరేలే, ఆడే నిలబడు" అని చెప్పి వెనక్కి వచ్చాను. ఆమెను కంప్యూటర్లో చెరిపేస్తే పోతుంది అనుకున్నాను. చెయ్యి ఊపాను. లోపల మా ఆయన కింది హాల్లో లైట్లు వేశారు.

గాజులో గుట్ట తేలింది. మెట్లు తేలాయి. హనుమంతమ్మ తేలింది.

ఆమె పక్కన ఒక మగమనిషి.

లోపలి నుంచి మా ఆయనే కనిపిస్తున్నారేమో అనుకున్నాను. ఆ అనుమానం తీర్చుకోవడానికి నా దగ్గర ఉపాయం ఉంది. లెన్సు ముందు బిగించే ఒక ఫిల్టరు. మెల్లగా తిప్పితే గాజు మీద పడిన బయటి బొమ్మలు చెరిగిపోయి లోపలివే మిగులుతాయి. వెనక్కి తిప్పితే బయటివి తిరిగొస్తాయి. తిప్పాను. హనుమంతమ్మ పోయింది. ఆ మనిషీ పోయాడు. లోపల స్విచ్చుల దగ్గర మా ఆయన ఒక్కరే మిగిలారు. వెనక్కి తిప్పాను.

ఇద్దరూ వచ్చారు.

అంటే ఆ మనిషి లోపల లేడు. బయట ఉన్నాడు... నేను నిలబడిన ఈ నేల మీదే.

కెమెరా మీంచి తలెత్తి కంకర కుప్ప వైపు చూశాను. హనుమంతమ్మ ఒక్కతే ఉంది. మళ్ళీ కెమెరాలో చూశాను. ఆ మనిషి మెల్లగా తల తిప్పుతున్నాడు. ఆమె వైపు కాదు... నా వైపు. వేలు దానంతటదే బటన్ నొక్కింది. ఒక్కసారే. తరవాత లైట్లన్నీ వెలిగాయి, బయట చీకటి పడింది, గాజు ఒట్టి కిటికీ అయిపోయింది.

"అయిందా?" అంటూ మా ఆయన బయటికి వచ్చారు. "గాజు దగ్గరికొచ్చి నీ చెయ్యి కోసం చూస్తాంటే నువ్వేమో బొమ్మ మాదిరి నిలబడుకోనుండావు."

గబగబా స్టాండు మడిచేశాను.

తియ్యకూడని ఫోటో తీశానని నాకు తెలుసు. కానీ ఆమె మాటలు వదల్లేదు. మొగుడి మొహం మరిచిపోతున్నానని చెప్పిన ఆడదాన్ని ఎలా తిప్పి పంపడం? మర్నాడు స్టూడియోలో కూర్చున్నాను. చనిపోయినవాళ్ళ ఫోటోలు తయారు చెయ్యడంలో మాకు చెయ్యి తిరిగింది. గుంపు ఫోటోలోంచి తల కత్తిరించి, ఇస్త్రీ చొక్కా తొడిగి, వెనక నీలం రంగు పరిచి ఫ్రేము కట్టిస్తాం. బతికుండగా ఇస్త్రీ చొక్కా ఎరగనివాళ్ళకు కూడా నేనే తొడిగాను. ఈ మొహం మాత్రం సరిగ్గా రాలేదు. గడ్డం, మీసం, బుగ్గ ఎముకలు ఉన్నాయి. పైభాగం మసక. ఆ మసకలోనే, వెనకాల ఎక్కడో, రెండు కళ్ళు బాగా స్పష్టంగా ఉన్నాయి. హమ్మయ్య అనుకుని వాటినే పైకి తెచ్చాను. రాత్రి నిద్ర లేదు, కళ్ళు మండుతున్నాయి, ఎప్పుడు వదిలించుకుంటానా అని ఉంది. ఎవరి కళ్ళని ఒక్క క్షణం ఆగి చూడలేదు.

హనుమంతమ్మ స్టూడియోకు వచ్చి, ఫ్రేమును ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఆయప్పే. కండ్లే వేరేగా ఉండాయి."

"గాజులో అంతే వచ్చిందమ్మా."

"సచ్చిపోయినాక మారతాయేమోలే," అంది. ఏడవలేదు. నా ఫోన్ నంబరు రాయించుకుని ఆ సాయంత్రమే ఊరికి వెళ్ళిపోయింది.

అమావాస్య రోజు మా ఇంట్లో కూడా పెద్దలకు పెట్టుకున్నాం. ఓళిగలు చేశాను. సాయంత్రం మా ఆయనకు మళ్ళీ వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దు హేమా. ఇప్పుడే తింటి కదా."

"యాడ తింటిరి?"

ఆలోచించారు. "ఏమో... తింటి," అని కడుపు నిమురుకున్నారు.

పక్కన కూర్చుంటే వాసన వచ్చింది. కుడిచేతి వేళ్ళకు రాగిముద్ద, ఉలవచారు వాసన. మా ఇంట్లో ఉలవలు వండి ఏడాది దాటింది. నుదుటి మధ్యన ఎర్రటి మచ్చ ఉంది. దోమ కుట్టిందనుకుని తడిగుడ్డతో తుడిచాను. పోలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. దీపాలు పెట్టే వేళకు ఏ పని చేస్తున్నా వదిలేసి, గోడ వైపు తిరిగి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. కళ్ళు తెరిచే ఉండేవి. ఎదురుగా కంచం ఉండదు. నోట్లో ఏమీ ఉండదు. దవడలు మాత్రం నెమ్మదిగా కదిలేవి... నమిలేవి... గొంతు మింగేది. ఆ తరవాత త్రేనుపు. ఇల్లంతా ఉలవచారు వాసన.

పది రోజుల్లో బెల్టుకు రెండు కొత్త రంధ్రాలు పొడవాల్సి వచ్చింది. తిన్నానంటారు, చిక్కిపోతున్నారు. డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, అలసట అన్నాడు. ఆ జబ్బు నాకు తెలియనిదా? అలసిన మనిషి పిలిస్తే పలుకుతాడు. డాక్టరు శ్రీనివాసులూ అని పిలిస్తే ఈయన తన వెనక ఎవరున్నారా అని తిరిగి చూశారు.

నాకు భయమేసింది. మామూలు భయం కాదు. వంటింట్లో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున స్టూడియోలో ఏదో వెతుకుతుంటే తిప్పేష్ ఫోటో తెర మీదికి వచ్చింది. కళ్ళ దగ్గర చెయ్యి ఆగింది. పెద్దది చేశాను. ఎడమ కంటి కింద చిన్న నొక్కు. ఎన్నో ఏళ్ళ కిందట గుత్తి బస్సు తలుపు తగిలి తెగితే మూడు కుట్లు పడ్డాయి. ఆ కట్టు విప్పింది నేనే.

ముప్పై రెండేళ్ళుగా చూస్తున్న కళ్ళు. గాజు వెనక నా చెయ్యి కోసం చూస్తున్న కళ్ళు. చచ్చిపోయినాయన మొహానికి నా చేతులతో నేనే అతికించి, ఫ్రేము కట్టించి ఇచ్చాను.

బతికున్నవాళ్ళ ఫోటోకు బొట్టు పెట్టకూడదు, దండ వెయ్యకూడదు. మా స్టూడియోలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. పొరపాటున ఫ్రేము మూలకు పువ్వు తగిలినా మా నాయన తిట్టి తీసేయించేవాడు. ఈ కళ్ళున్న ఫోటోకు అక్కడ బొట్టు పెట్టారు, దండ వేశారు, పేరు పెట్టి పిలిచి రోజూ ముద్ద పెడుతున్నారు. పిలిస్తే పోక ఏం చేస్తారు?

ఆ రోజే ఆయన్ను వెంటబెట్టుకుని కళ్యాణదుర్గం మీదుగా కుందుర్పి బస్సెక్కాను. దారి పొడుగునా ఎండిన చెనిక్కాయ చేలు. ఆ రూటులో ఆయనకు ఎప్పుడూ డ్యూటీ పడలేదు, ఆ పల్లె మొహం చూసి ఎరగరు. ఆటో దిగి హనుమంతమ్మ ఇల్లెక్కడని నేను ఎవరినో అడగబోతుంటే ఆయన నడక మొదలుపెట్టారు.

ఒక సందు దాటారు. ఎడమ వైపు తిరిగారు. మేకల దొడ్డి పక్కనుంచి వెళ్ళారు. కట్టేసిన కుక్క లేచి తోకాడించింది. ఒక రేకుల ఇంటి ముందు చెప్పులు విడిచి, పై గడప తగలకుండా సరిగ్గా ఎంత కావాలో అంతే తల వంచి లోపలికి వెళ్ళారు.

నేను పరిగెత్తాను. మోకాళ్ళ నొప్పి గుర్తు రాలేదు.

లోపల ఊదుబత్తి పొగ. గోడకు ఫోటో. నీలం రంగు, ఇస్త్రీ చొక్కా, బంతిపూల దండ, నుదుటి మీద ఎర్రటి బొట్టు. కింద దీపం, కంచంలో ముద్ద. మా ఆయన కంచం ముందు కూర్చుని ఉన్నారు. హనుమంతమ్మ ఉలవచారు పోస్తోంది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు.

"ఇన్నాళ్ళూ కనపడకుండా తింటాండె. ఈ పొద్దు కనపడతాండాడు," అంది గుసగుసగా.

"ఆయన మా ఆయన, హనుమంతమ్మా. కండ్లు తెరిచి చూడు."

"మొగం మీ ఆయప్పదే. కూచోనేది మా ఆయప్పే. ముద్ద తుంచేది చూడండి."

చూశాను. మా ఆయన ముద్దను వేళ్ళతో చిదుముకుంటారు. ఇతను బొటనవేలితో గుంట చేసి, అందులో చారు పట్టి మింగుతున్నాడు.

"ఆ ఫోటో నాకియ్యి. బొట్టు తుడిచేయల్ల. మా ఆయన పోతాడు, అమ్మా... నీ కాళ్ళు పట్టుకుంటా."

"మీరే కదమ్మా తీసిచ్చింది." అంది. "తుడిచేస్తే ఈయప్ప మళ్ళా పోతాడు. ఇంగోసారి ముండమొయ్యల్నా నేను?"

తప్పు నాది, నష్టం ఆమెది. తెలిసే చేశాను. ఆమెను పక్కకు తోసి ఫ్రేము గోడ మీంచి లాగాను. దండ తెంపాను. కొంగుతో బొట్టు తుడిచాను. అది పచ్చి కుంకుమ... అయినా ఎంతకీ రాలేదు. గోరుతో గీకాను. వెనక అట్ట చించి ఫోటోను బయటికి తీసి పొయ్యిలో పెట్టాను. ఇస్త్రీ చొక్కా ముందు కాలింది. గడ్డం కాలింది. కళ్ళు చివరికి కాలాయి.

హనుమంతమ్మ నన్ను ఆపలేదు. గోడకు ఆనుకుని కూలబడింది. అప్పుడు ఏడ్చింది.

కంచం ముందు మనిషి ఒక్కసారి వణికాడు. చేతిలో ముద్ద జారిపోయింది. తలెత్తి మా ఇద్దరినీ చూశాడు. ముందు ఆమెను, తరవాత నన్ను, మళ్ళీ ఆమెను. నుదుటి మీద మచ్చ లేదు.

"లేవండి. ఇంటికి పోదాం," అన్నాను.

కదలలేదు. నేను చెయ్యి పట్టుకుని లాగాను. వచ్చాడు.

చివరి బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయారు. ఒళ్ళు వెచ్చగా ఉంది. అంత అలసటలోనూ నాకు నవ్వొచ్చింది, దేవుళ్ళందరికీ పేరుపేరునా దండం పెట్టుకున్నాను. ఇంటికి చేరాక రాత్రంతా పడుకుని, మర్నాడు పగలంతా పడుకుని, సాయంత్రం లేచి ఆకలి అన్నారు. ఆ మాట విని ఎన్ని రోజులైందో! వేడన్నం, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి, నెయ్యి వేసి పెట్టాను. గబగబా తింటున్నారు. రెండోసారి పెట్టించుకున్నారు. గోడ వైపు తిరగలేదు. నేను గడప మీద కూర్చుని చూస్తూ, ఇంకేం కావాలి నాకు అనుకున్నాను.

ఫోను మోగింది. హనుమంతమ్మ. ఎత్తడానికి సిగ్గేసింది. ఎత్తాను.

"అమ్మా," అంది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. "మీ ఆయప్ప ఇల్లు చేరినాడా?"

"చేరినాడు హనుమంతమ్మా. ఈడే ఉండాడు. అన్నం తింటాండాడు."

అవతల ఎక్కడో మేక అరిచింది.

"అట్లయితే ఈడుండేది ఎవురమ్మా?"

"పొద్దుగూకినప్పుడు వాకిట్లోకి వచ్చినాడు. మసగ్గా ఉండాడు. మా ఆయప్ప కాదు. కుక్క అరుస్తానే ఉంది. ముద్ద పెడితే ముట్టల్యా. ఆఖరి బస్సు ఎన్ని గంటలకని అడుగుతాండాడు... ఇంటికి పోవల్లంట. మీ పేరు చెప్తాండాడు."

వంటింట్లో నమిలే చప్పుడు ఆగింది.

"ఫోను తనకియ్యమంటాండాడు," అంది హనుమంతమ్మ. "ఇయ్యల్నా అమ్మా?"